ఆరు రోజుల తేడా

టెలిస్కోపు ఆవరణలో ఆమె అసలు పేరు తెలిసినవాడు హాజరుపట్టీ చూసే గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆమె స్కేలమ్మ. అడుగు పొడవున్న స్టీలు స్కేలు ఒకటి ఆమె చేతిసంచిలోంచి ఎప్పుడూ తల బయటపెట్టి చూస్తుండేది. కంప్యూటర్లు వచ్చి ఏళ్లు గడిచినా తెర మీది అంకెను ఆమె ఒక పట్టాన నమ్మేది కాదు. కాగితం మీద అచ్చు తీయించి, కిటికీ పక్క బల్ల మీద పరిచి, స్కేలు ఆనించి మిల్లీమీటర్లలో కొలుచుకుని, అప్పుడు తెరను క్షమించేది.

ఆమె పని చెప్పడానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి. పెద్ద గిన్నెలాంటి యాంటెన్నా వారానికోసారి యాభై రెండు పిల్ల నక్షత్రాల వైపు వరసగా తిరుగుతుంది. వాటి చుట్టూ ఉన్న వాయువు నుంచి వచ్చే రేడియో సంకేతం కాగితం మీద గీతగా అచ్చవుతుంది. ఆ గీత చాలా మేర చదునుగా సాగి, మధ్యలో నాలుగైదు చోట్ల నిలువుగా లేస్తుంది. అలా లేచినవాటిని అక్కడివాళ్లు కొమ్ములంటారు. ఆ కొమ్ముల ఎత్తు కొలిచి, పోయిన వారం ఎత్తు పక్కన రాసిపెట్టాలి. ముప్పై ఏళ్లుగా స్కేలమ్మ చేస్తున్నది అదే.

అనుమానం ఆమెకు ఊపిరితో పాటు వచ్చింది. పాలు విరిగితే పాలవాడు ఏం కలిపాడోనని అనుమానం, విరగకపోతే ఇంకేం కలిపాడోనని అనుమానం. ఇంట్లో గడియారం సరిగా నడుస్తోందో లేదోనని పక్కింటి గడియారం చూసొచ్చేది, పక్కింటిది సరైనదేనా అని మళ్లీ రేడియో పెట్టుకుని వినేది. పెళ్లి చేసుకోలేదు. "చూడ్డానికొచ్చిన ఇద్దర్నీ మా అక్క నాలుగేసి ప్రశ్నలడిగింది. మొదటాయన రెండో ప్రశ్నకే చెప్పులు వేసుకున్నాడు" అని తమ్ముడు నలుగురిలో ఆటపట్టించేవాడు. ఆమె నవ్వేది కాదు గానీ కాదనేదీ కాదు.

అయితే ఆ అనుమానమే ఒకసారి అందరి పరువూ కాపాడింది. ఎవరూ ఎరుగని సంకేతమొకటి ఆకాశంలోంచి వస్తోందని అందరూ ఎగిరి గంతేసిన రోజుల్లో, అది మధ్యాహ్నం భోజనాల వేళే ఎక్కువగా ఎందుకు వస్తోందని అడిగింది స్కేలమ్మ ఒక్కతే. వారం రోజులు వెతికితే తేలిందేమిటంటే, ప్రధాన ద్వారం దగ్గర మనిషి రాగానే దానంతటదే తెరుచుకునే కొత్త తలుపుది ఆ సంకేతం! తిండికి వెళ్లేవాళ్లు ఎక్కువైనప్పుడల్లా ఆకాశం పలుకుతోంది. అప్పటి నుంచి డైరెక్టరు కూడా ఆమె అనుమానాన్ని ఒక పరికరం కిందే లెక్కవేశాడు.

తమ్ముడు ఆమెకంటే పన్నెండేళ్లు చిన్న. తల్లి పోయాక ఆమే పెంచింది. అతనికి అక్కడే యాంటెన్నా ఆపరేటరుగా ఉద్యోగం వచ్చినప్పుడు సిఫారసు కాగితం మీద సంతకం ఆమెదే. రేడియో తరంగాలకు పగలూ రాత్రీ ఒకటే కనుక, బుధ గురువారాల్లో పగటి డ్యూటీ అతనికి వేశారు. యాంటెన్నా కోణాల అంకెలు పాత డబ్బాలాంటి యంత్రం మీద ఎర్రగా చిన్నగా వెలుగుతుంటాయి. వాటిని చూసి, నక్షత్రం ఉన్నచోటికి గిన్నెను తిప్పి, సంకేతాన్ని కంప్యూటర్లో భద్రపరచడం అతని పని.

ఆ నక్షత్రాల కథ స్కేలమ్మకు అర్థమయ్యేలా చెప్పింది మ్యాపుల డాక్టరమ్మ. పలుచోట్ల ఉన్న టెలిస్కోపులను ఒకేసారి ఒకే నక్షత్రం వైపు తిప్పించి, వాయువు ముద్దల పటాలు గీసే శాస్త్రవేత్త ఆవిడ.

"పెద్ద నక్షత్రం ఊరికే పుట్టదు స్కేలమ్మగారూ. ధూళీ వాయువూ కలిసిన చీకటి మేఘం తన బరువుకు తనే కుంగిపోతే పుడుతుంది. ఆ చలికి ధూళి రేణువుల మీద మంచు పేరుకుంటుంది. మంచులో చిక్కుకున్న కార్బన్ మోనాక్సైడుకి హైడ్రోజన్ పరమాణువులు ఒకటొకటిగా వచ్చి అతుక్కుంటే, మిథనాల్ తయారవుతుంది. లోపల పిల్ల నక్షత్రం వేడెక్కగానే మంచు ఆవిరై, మిథనాల్ బయటపడుతుంది."

"మిథనాల్ అంటే, తాగితే కళ్లు పోయే ఆ దొంగ సారాయేనా?"

"అదే."

"కళ్లు తెరవకముందే వీటికి ఇదేం అలవాటమ్మా!"

డాక్టరమ్మ నవ్వాపుకుని చెప్పుకొచ్చింది. వెచ్చబడ్డ ధూళి నుంచి వచ్చే పరారుణ కాంతి ఆ మిథనాల్ అణువులను ఎక్కుపెట్టిన విల్లుల్లా ఉంచుతుంది. అటుగా సన్నటి రేడియో తరంగం ఒకటి పోతే చాలు, ఒక్కో అణువూ తన వంతు బలం కలిపి సాగనంపుతుంది. మేఘం దాటి బయటికొచ్చేసరికి ఆ తరంగం ఎన్నో రెట్లు గట్టిపడుతుంది. దాన్నే మేసర్ అంటారు. ఒక్కో వాయువు ముద్ద ఒక్కో వేగంతో కదులుతుంది గనుక కాగితం మీద ఒక్కో కొమ్ము వేరే చోట లేస్తుంది. మన వైపు వచ్చేవి ఎడమ పక్కన, మన నుంచి దూరంగా పోయేవి కుడి పక్కన.

"మరి మన జాబితాలో నలభై మూడో నక్షత్రానిది ఏం ఆకారం?" అని అడిగింది స్కేలమ్మ.

డాక్టరమ్మ పటం తీసి చూపించింది. చుక్కలన్నీ కలిసి కొంచెం నొక్కిన గాజులా ఉన్నాయి. మధ్యలో, కంటికి కనపడకుండా నక్షత్రం.

"వలయం మన వైపు వాలి ఉంది. కానీ ఏ అంచు మనకు దగ్గర, ఏది దూరమో పటం చెప్పదు. అది తెలియనంతవరకూ ఈ వాయువు నక్షత్రంలోకి పడుతోందో, నక్షత్రం నుంచి బయటికి చిమ్ముతోందో తెలియదు. పదేళ్లుగా కొట్టుకుంటున్నాం."

కొట్టుకునేవాళ్లు కొట్టుకోనీ అని స్కేలమ్మ తన కొలతల్లో తాను పడిపోయింది.

వర్షాలు వెనకపట్టిన ఒక బుధవారం నాటి కాగితంలో, ఆ నలభై మూడో నక్షత్రానికున్న ఐదు కొమ్ముల్లో కుడివైపు రెండూ మామూలు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు లేచాయి. తర్వాతి బుధవారం అవి రెట్టింపయ్యాయి. ఎడమవైపు రెండూ అప్పుడు ఒకటిన్నర రెట్లు లేచాయి. మూడో బుధవారం కుడివి ఒకటిన్నరకు దిగాయి, ఎడమవి రెట్టింపు చూపించాయి. పోయిన వారం కుడివైపు ఏముందో ఈ వారం ఎడమవైపు దాదాపు అదే. బడిలో పక్కవాడి పలక చూసి రాసినట్టుంది వ్యవహారం.

స్కేలమ్మ ముందు యంత్రాన్ని అనుమానించింది. కానీ యంత్రం తప్పు చేస్తే ఐదు కొమ్ములూ ఒకేలా తప్పుతాయి. కుడివాటిని పెంచి, వారం ఆగి ఎడమవాటిని అదే లెక్కన పెంచే తెలివి దానికి లేదు. అదే రోజు కొలిచిన మిగతా యాభై ఒక్క నక్షత్రాలూ బుద్ధిగా ఉన్నాయి. బీరువాలోంచి పాత కట్టలు దింపి, దుమ్ము దులిపి, మూడు రోజులు తిరగేసింది. ఎనిమిది నెలల కిందట ఇదే తంతు. అంతకు ముందు ఎనిమిది నెలలకూ ఇదే తంతు. అప్పట్లో కొమ్ములు కొద్దిగా లేచాయని రాసి ఊరుకుంది. ఇప్పుడు మూడు కట్టలూ పక్కపక్కన పెట్టి చూస్తే, మూడింటి అడుగునా ఆపరేటరు సంతకం ఒకటే.

తమ్ముడిది.

ఆ రోజు నుంచి ఆమె తమ్ముడిని కూడా కొలవడం మొదలుపెట్టింది. టీ గ్లాసును బల్ల అంచు మీద సగం బయటికి పెట్టి వదిలేశాడొకసారి. అది కింద పడి పగిలింది. ఇంకోసారి మెట్లు దిగుతూ ఆఖరి మెట్టు మరిచినట్టు తూలాడు. ఎదురుగా వస్తే పలకరిస్తాడు, పక్కనుంచి వస్తే చూడనట్టే పోతాడు. కళ్లు ఎర్రగా ఉంటున్నాయి. పదిన్నరకల్లా భార్య భోజనం డబ్బా పట్టుకుని వస్తుంది, కంట్రోల్ రూము తలుపు మూసుకుంటుంది. భోజనం చేయడానికి రెండు గంటలా?

"ఏరా, కళ్లేంటి అలా ఉన్నాయి?"

"నిద్ర చాల్లేదక్కా."

"రాత్రి ఏం చేశావ్?"

"పడుకున్నా."

"పడుకుంటే నిద్రెందుకు చాల్లేదు?"

"అబ్బా, నేను నీ నక్షత్రాన్ని కాదక్కా, కొలవకు."

అతని నోట్లోంచి ఏలకుల వాసన వచ్చింది. ఏలకులు ఎందుకు నములుతున్నాడు? ఏ వాసన కప్పిపుచ్చడానికి? తాగి పడుకుని, పరిశీలన ఎగ్గొట్టి, పాత ఫైళ్లను అటూ ఇటూ మార్చి పెడుతున్నాడన్న ఆలోచన ఆమె మనసులో కుదురుకుంది. కుదురుకున్నాక కదల్లేదు.

డైరెక్టరుకు ఉత్తరం రాసింది. నాలుగు సార్లు చించి ఐదోసారి ఇచ్చింది. ఆయన చదివి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"బుధవారాల ఆపరేటరు మీ తమ్ముడు కదండీ?"

"అందుకే రాసిచ్చాను సార్. నోటితో చెప్పలేక."

"మరి ఏం చేద్దామంటారు?"

ఉపాయం కూడా ఆమె దగ్గరే ఉంది. లెక్క ప్రకారం ఈ దొంగతనం మళ్లీ ఎనిమిది నెలలకు జరగాలి. ఆ నెలలో నలభై మూడో నక్షత్రాన్ని వారానికోసారి కాక రోజూ చూడాలి. ఒక రోజు తమ్ముడు, మర్నాడు మిగతా రోజుల డ్యూటీ చేసే మీసాల ఆపరేటరు, ఇలా మార్చి మార్చి చూడాలి. కొమ్ములు తమ్ముడి రోజుల్లోనే లేస్తే ఇక అడగాల్సిందేమీ ఉండదు. బయటికి మాత్రం కొత్త రిసీవరు నిలకడ పరీక్ష అని చెప్పాలి. డైరెక్టరు తగాదాలంటే ఆమడ దూరం పోయే మనిషి. ఎనిమిది నెలల గడువు దొరికిందని సంతోషించి ఒప్పుకున్నాడు.

ఆ ఎనిమిది నెలలూ స్కేలమ్మ ఆదివారాలు తమ్ముడింటికి వెళ్లడం మానలేదు. వాళ్లు పెట్టింది తినేది, అడిగినదానికి జవాబిచ్చేది. మరదలు పెరట్లోకి వెళ్లగానే అలమరలు తెరిచి చూసేది. ఒక ఆదివారం మందుల పెట్టె వెనక వేలెడంత సీసా దొరికింది. పైనున్న కాగితం సగం చిరిగిపోయింది. మూత తీసి వాసన చూసింది. ఏ వాసనా లేదు. వాసన లేకపోవడం ఆమెకు మరీ అనుమానంగా తోచింది.

"ఏం వెతుకుతున్నావు వదినా?" అంది మరదలు గుమ్మంలో నిలబడి.

"అగ్గిపెట్టె."

"నీ ఎదురుగానే ఉందిగా, పొయ్యి పక్కన."

ఇద్దరూ అగ్గిపెట్టె వైపు కాసేపు చూశారు. తర్వాతి ఆదివారానికి ఆ సీసా అక్కడ లేదు.

ఎనిమిదో నెల వచ్చింది. రోజువారీ పరిశీలన మొదలైన మొదటిరోజు తమ్ముడిది. కుడి కొమ్ములు కొద్దిగా, రెండు మిల్లీమీటర్ల మేర లేచాయి. చూశావా, అనుకుంది స్కేలమ్మ. రెండో రోజు మీసాల ఆపరేటరుది. ఇంకో రెండు మిల్లీమీటర్లు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరూ కూడబలుక్కున్నారా? మీసాలాయన తాగడని ప్రతీతి, కానీ ప్రతీతిని ఎవరు కొలిచారు గనక? ఇక కాగితాల మీద ఆధారపడి లాభం లేదు, కళ్లతో చూడాల్సిందే.

మూడో రోజు పదకొండు గంటలకు చెప్పులు వరండాలోనే విడిచి, కంట్రోల్ రూము తలుపు దగ్గర నిలబడింది. లోపల్నుంచి మరదలి గొంతు వినిపిస్తోంది, చిన్నగా, తడబడకుండా.

"నూట ఇరవై ఏడు... పాయింట్ నాలుగు. ఆగు, ఆరు. ఇప్పుడు తొమ్మిది. చాలు, ఆపు."

అంకెలు! పాత కాగితంలోంచి ఆవిడ చదవడం, వీడు కొట్టడం! స్కేలమ్మ తలుపు ఒక్క తోపు తోసింది.

"ఏ కాగితమే అది? ఎన్నో నెలది?"

మరదలు ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఆమె చేతిలో కాగితం లేదు. ఎర్ర అంకెల డబ్బా ముందు వంగి నిలబడి ఉంది. తమ్ముడు మీటల మీద చేతులుంచి, తల మాత్రం వేరే వైపు పెట్టి కూర్చున్నాడు.

"కాగితమేంటి వదినా? యాంటెన్నా కోణం చదువుతున్నా."

"నువ్వెందుకు చదవాలి? వీడికి కళ్లు లేవా?"

మోటార్లు ఆగిపోయాయి. తమ్ముడు తల తిప్పకుండానే అన్నాడు.

"లేవక్కా."

"ఏం వాగుతున్నావురా?"

"ఎదురుగా ఉన్నది కనపడుతుంది. పక్కలన్నీ చీకటి. చిన్న అంకెలైతే ఎదురుగా ఉన్నా అలుక్కుపోతాయి. కంట్లో ఒత్తిడి అంట. రెండేళ్లు దాటింది. చుక్కల మందు వేసుకుంటున్నా. దానికే కళ్లెర్రబడతాయి, గొంతులోకి దిగే చేదుకు ఏలకులు నములుతా."

పగిలిన గ్లాసు, తూలిన మెట్టు, పక్కనుంచి వస్తే పలకరించకపోవడం, వాసన లేని సీసా అన్నీ ఒక్కసారిగా ఆమె ముందుకొచ్చి నిలబడ్డాయి.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ముందు నమ్మవు. నాలుగు ఆసుపత్రులు తిప్పుతావు. నమ్మాక తిన్నగా డైరెక్టరు దగ్గరికి పోతావు, కళ్లు లేనివాడు యాంటెన్నా తిప్పకూడదని. అది నిజమే కదా. అందుకే చెప్పలేదు."

"వెళ్లాను" అంది స్కేలమ్మ.

"ఎక్కడికి?"

"డైరెక్టరు దగ్గరికి. ఎనిమిది నెలల కిందటే. ఇది తెలిసి కాదు. నలభై మూడో నంబరు లెక్కలు నువ్వు దొంగగా రాస్తున్నావని ఉత్తరమిచ్చాను. ఈ రోజువారీ పరీక్ష నిన్ను పట్టుకోవడానికే పెట్టించాను."

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు మీటల మీంచి చేతులు తీశాడు.

"తాగుతున్నానని కూడా రాశావా?"

"రాయలేదు. అనుకున్నాను."

"సరే. ఈ పూట పరిశీలన ఇంకా సగంలో ఉంది. నక్షత్రం దిగిపోకముందే ముగించాలి. తలుపు వేసి వెళ్లక్కా."

ఆమె తలుపు వేసి వెళ్లింది.

సిగ్గు ఒక పక్క తింటున్నా, మర్నాటి కాగితం రాగానే ఆమె చేయి స్కేలు కోసమే వెళ్లింది. తమ్ముడు నిజం చెప్పాడు సరే, మరి కొమ్ములు? వాటి సంగతి తేలలేదు. మూడో రోజు తమ్ముడిది, నాలుగో రోజు మీసాలాయనది, ఐదో రోజు మళ్లీ తమ్ముడిది. ఎవరి రోజయినా సరే, కుడి కొమ్ములు నునుపైన దారి వెంట ఎక్కినట్టు ఎక్కాయి. నాలుగో రోజున మధ్య కొమ్ము కదిలింది. ఏడో రోజున ఎడమ కొమ్ములు మొదలెట్టాయి, సరిగ్గా మొదటిరోజు కుడివి లేచినంత, రెండు మిల్లీమీటర్లు. ఎనిమిదో రోజు నాలుగు. వారానికోసారి చూసినప్పుడు దొంగచేతిలా కనపడ్డదే, రోజూ చూసేసరికి వేరే ముఖం పెట్టింది.

నెల ముగిశాక ఆమె కుడి కొమ్ముల ఎత్తుల్ని పలచటి నూనె కాగితం మీద గీసింది. దాన్ని ఎడమ కొమ్ముల గీత మీద పెట్టి జరుపుతూ పోయింది. ఒకచోట రెండు గీతలూ ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. జరిపిన దూరం కొలిచింది. ఆరు రోజులు. మధ్య కొమ్ముకు మూడు రోజులు. మళ్లీ కొలిచింది, స్కేలు తిరగేసి ఇంకోసారి కొలిచింది. ఆరే.

కాగితాలు చంకన పెట్టుకుని డాక్టరమ్మ గదికి వెళ్లింది.

"ఎవరూ దొంగతనం చేయలేదని తేలింది. మరి ఇది ఏంటో మీరు చెప్పాలి."

డాక్టరమ్మ మొదట కూర్చునే చూసింది. తర్వాత లేచి నిలబడింది. నలభై మూడో నక్షత్రం పటం తెచ్చి పక్కన పరిచింది.

"నక్షత్రం వెలుగు పెరిగిందనుకోండి. చుట్టూ ధూళి వెచ్చబడుతుంది, మేసర్లన్నీ బలపడతాయి. వలయంలో అన్ని ముద్దలూ నక్షత్రానికి ఒకే దూరంలో ఉన్నాయి కదా, అన్నీ ఒకేసారి బలపడాలి. మరి మనకెందుకు ఒకేసారి కనపడలేదు?"

"అవతలి అంచు నుంచి వార్త రావడానికి ఎక్కువ సమయం పట్టి ఉంటుంది" అంది స్కేలమ్మ. చెప్పేసి, తను చెప్పింది తనే అనుమానంగా విన్నది.

"అంతే! ఆరు రోజులు ఎక్కువ. కాంతి ఆరు రోజుల్లో పోయే దూరమంటే, మనకీ సూర్యుడికీ మధ్య దూరానికి వెయ్యి రెట్లు. ముందు వెలిగినవి దగ్గరి అంచువి, వెనక వెలిగినవి దూరపు అంచువి. పదేళ్లుగా పటంలో కనపడనిది ఇదే. ముందు ఏవి వెలిగాయి స్కేలమ్మగారూ?"

"కుడివి."

"కుడివంటే?"

"మన నుంచి దూరంగా పోయేవి." స్కేలమ్మ పటం మీద స్కేలు ఆనించింది. "దగ్గరి అంచులో ఉండి మన నుంచి దూరంగా పోతున్నాయంటే... అవి నడిమికి పోతున్నట్టు. ఎడమవి దూరపు అంచులో ఉండి మన వైపు వస్తున్నాయి. అవీ నడిమికే."

"అన్నీ లోపలికే పడుతున్నాయి. ఆ నక్షత్రం ఇంకా మేస్తోంది."

డాక్టరమ్మ ఆనందం పట్టలేక స్కేలమ్మను కావలించుకోబోయింది. స్కేలమ్మ కాగితాలు నలుగుతాయని వెనక్కి జరిగింది.

వేరే ఖండంలోని టెలిస్కోపువాళ్లు కూడా అదే నెలలో ఆ నక్షత్రాన్ని చూశారని తెలిసి, వాళ్ల అంకెలు తెప్పించారు. వాళ్లకూ ఆరు రోజులే వచ్చింది. ఆ అంకెలు చూశాకే స్కేలమ్మ ఆ రాత్రి కడుపునిండా తిన్నది. ఎనిమిది నెలలకోసారి ఆ నక్షత్రం ఎందుకు ప్రకాశిస్తోందన్నది మాత్రం ఎవరికీ తెలియదు. దాని చుట్టూ రెండో నక్షత్రమొకటి తిరుగుతుండొచ్చని డాక్టరమ్మ ఊహ. ఊహల్ని స్కేలమ్మ కొలవదు.

కానీ డైరెక్టరు బీరువాలో ఉత్తరం ఉంది. ఆమె వెళ్లి తిరిగివ్వమని అడిగింది. ఫైలులో చేరిన కాగితం బయటికి రాదని, కావాలంటే ఇంకొకటి చేర్చవచ్చని ఆయన అన్నాడు. ఆమె రెండో ఉత్తరం రాసింది. మొదటిది ఒక పేజీ, ఇది మూడు. తన అనుమానం ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది, ఎక్కడ తప్పింది, అన్నీ తేదీలతో సహా రాసింది. తమ్ముడి కళ్ల సంగతి మాత్రం రాయలేదు. అది అతనే వెళ్లి చెప్పాడు.

విచారణ జరిగింది. బయటి మనిషిని కంట్రోల్ రూములోకి రానిచ్చినందుకు తమ్ముడికి మందలింపు కాగితం ఇచ్చారు. కంటి వైద్యుడు పరీక్షించి వెంటనే ఆపరేషన్ చేయాలన్నాడు. పోయిన చూపు తిరిగి రాలేదు, ఉన్నది నిలబడింది. అతన్ని యాంటెన్నా మీట నుంచి తప్పించి, విడిభాగాల గదికి మార్చారు. అక్కడ వస్తువులన్నీ చేత్తో తడిమి పోల్చుకోవచ్చు.

పరిశోధన పత్రం తయారైనప్పుడు రాసినవాళ్ల వరుసలో స్కేలమ్మ పేరు కూడా వేశారు. ఆమె డైరెక్టరు గదికి వెళ్లింది.

"మా మరదలి పేరేదీ?"

"ఆవిడ పేరు వేస్తే మన తప్పు మనమే అచ్చేసుకున్నట్టవుతుందండీ."

"రెండేళ్లు ఆ అంకెలు చదివింది ఆవిడ సార్. ఆవిడ చదవకపోతే మన గిన్నె పక్క ఊరిని చూస్తుండేది. ఆవిడ పేరు లేకపోతే నాదీ తీసేయండి."

డాక్టరమ్మ మధ్యలో పడి, చివరి కృతజ్ఞతల్లో మరదలి పేరు చేర్పించింది. స్కేలమ్మ అచ్చు ప్రతిలో ఆ పేరు అక్షరం అక్షరం మూడుసార్లు సరిచూసింది.

తమ్ముడు మాత్రం మాట్లాడటం మానేశాడు. ఆసుపత్రిలో ఆమె రెండు పూటలా మంచం పక్కన కూర్చున్నా, కళ్లకు కట్టు ఉందన్న వంకతో పలకలేదు. నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు మరదలే ఆమె బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఆయనకు కోపం నువ్వు అనుమానించినందుకు కాదు వదినా. నువ్వు పాలవాడి దగ్గర్నుంచి అందర్నీ అనుమానిస్తావు, అది మాకు అలవాటే. ఎనిమిది నెలలు మా ఇంట్లో, మా పక్కన కూర్చుని అన్నం తిన్నావు. ఒక్క మాట అడగలేదు. అదీ ఆయన బాధ."

యాభై రెండు నక్షత్రాలను ముప్పై ఏళ్లు నిలదీసిన మనిషి, ఎదురుగా ఉన్న తమ్ముడిని నిలదీయలేకపోయింది. అడిగితే అవునంటాడేమోనన్న భయమే ఆమె నోరు కట్టేసిందని అప్పుడు తెలిసింది. ఆ మాట మరదలికి చెప్పింది. "ఇది ఆయనకే చెప్పు" అంది మరదలు.

ఆ ఆదివారం వెళ్లింది. తమ్ముడు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఆమె నిలబడే ఉంది, అతను కూర్చోమనలేదు.

"నువ్వు నిజంగానే తాగుతున్నావని చెబితే ఏం చేయాలో తెలీక అడగలేదురా. అంతే. ఇంకేం లేదు."

అతను కిటికీ వైపు తిరిగి అన్నాడు. "అడిగుంటే కళ్ల సంగతి చెప్పేవాణ్నేమో. చెప్పకపోయేవాణ్నేమో. నాకూ తెలీదక్కా."

తర్వాత, ఆ పత్రంలో ఏముందో చదివి వినిపించమన్నాడు. పుటలోని అక్షరాలు అతనికి మరీ చిన్నవి. ఆమె చదివింది. వలయం దగ్గరికి వచ్చేసరికి మాటలతో చెప్పడం చేతకాక, వంటింట్లోంచి కంచం తెచ్చి, అతని వేళ్లు పట్టుకుని దాని అంచు మీద తిప్పుతూ చూపించింది, ఇది దగ్గరి అంచు, ఇది దూరపు అంచు, రెండువైపుల నుంచీ నడిమికి ఇలా పడుతోంది అని. అతను కంచం మధ్యలో వేలు ఆపి, ఏడో రోజు పరిశీలన తనదే కదా అని అడిగాడు. ఎడమ కొమ్ములు మొదటిసారి లేచింది ఆ రోజే, నీదే, అందామె. అతని ముఖం కొంచెం విచ్చుకుంది.

అక్కాతమ్ముళ్ల మధ్య మాటలు అలా మళ్లీ మొదలయ్యాయి. నలుగురిలో ఆమెను ఆటపట్టించడం మాత్రం అతను ఇంకా మొదలుపెట్టలేదు. మరదలు ఆపరేటరు పరీక్షకు కూర్చుని రాతపరీక్షలో తప్పింది. వచ్చే ఏడాది మళ్లీ రాస్తానంది. స్కేలమ్మ ఆమెకు వారానికి మూడు సాయంత్రాలు లెక్కలు చెబుతోంది.